గంజి పెట్టిన పచ్చిక

ఆ గురువారానికి మల్లేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. మద్రాసు నుంచి వచ్చి గుణదలలో దిగిన ఇశ్రాయేలుగారిని పొద్దున్నే కారెక్కించుకోవడం, చల్లపల్లి దగ్గరున్న తన పొలానికి తీసుకెళ్ళడం, అక్కడ లేని గోల్ఫు మైదానంలో ఆయనతో ఒక ఆట ఆడడం, మధ్యాహ్నానికి విజయవాడ తిరిగొచ్చి గుత్తి వంకాయ కూరతో భోజనం పెట్టడం, ఆయన తాంబూలం వేసుకుంటుండగా ఆర్డరు పుచ్చుకోవడం. ఇందులో ఆయనకు కాస్త బెంగగా ఉన్నది వంకాయల గురించే. మే నెలలో లేతవి దొరకవు.

మల్లేశ్వరరావు విజయవాడ వన్‌టౌన్‌లో చేనేత బట్టల టోకు వ్యాపారి. తండ్రి నాటి కొట్టు, తాత నాటి తక్కెడంత నిదానం, దేశంలో ఎవరి దగ్గరా లేనంత నోరు. ఏటా ఎండాకాలం ఊటీ వెళ్ళి అక్కడి హోటళ్ళకు తువ్వాళ్ళూ దుప్పట్లూ అమ్మి వస్తాడు. ఆ హోటళ్ళలో ఒకదాని వరండాలో సాయంత్రం పూట గోల్ఫు ఆడేవాళ్ళు చేరతారు. వాళ్ళు ఆడేది పొద్దున రెండు గంటలైతే, ఆడినదాని గురించి చెప్పుకునేది సాయంత్రం నాలుగు గంటలు. షిల్లాంగులో మబ్బు కిందికి దిగి బంతి కనిపించక మధ్యాహ్నం దాకా అందరూ చేతులతో తడుముకున్నామని ఒకాయన అంటే, కలకత్తాలో నా బంతిని గుడ్డనుకుని కాకి ఎత్తుకుపోయిందని ఇంకొకాయన అంటాడు. అందరూ అబ్బో అంటారు. ఎవరూ అబద్ధమని అనరు, ఎందుకంటే తరవాతి వంతు తమదే.

తువ్వాళ్ళ మూట పట్టుకుని నిలబడ్డ మనిషిని ఆ వరండాలో ఎవరూ కూర్చోమనలేదు. బెంగుళూరులో గోల్ఫు ఆడిన మనిషిని మాత్రం కూర్చోమన్నారు. అందుకని మల్లేశ్వరరావు మొదటి ఏడాది బెంగుళూరులో ఆడాడు, నోటితోనే. రెండో ఏడాది కలకత్తాలో ఆడాడు. మూడో ఏటికి దేశంలో తనకు తెలిసిన ఊళ్ళన్నీ అయిపోయాయి. అప్పుడు చల్లపల్లి దగ్గర ఒక మైదానం కట్టాడు. పదిమంది ఎదట కాఫీ తాగుతూ, ఒక్క పూటలో, తొమ్మిది గుంటలతో సహా కట్టేశాడు.

ఆ వరండాలోనే ఉన్నారు ఇశ్రాయేలుగారు. పుట్టింది గుణదలలో, పైకొచ్చింది మద్రాసులో. మన బట్టల్ని అమెరికాకు పంపే ఒక కంపెనీలో కొనుగోళ్ళన్నీ ఆయన చేతిమీదుగా జరుగుతాయి. ఆయన పాపం అమాయకంగానే అడిగారు, మన వైపు గోల్ఫు మైదానం ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదే అని. కాలవలు తవ్వించిన రోజుల్లో ఎవరో తెల్ల ఇంజనీరు తన సరదాకి వేయించుకున్నాడనీ, బయటివాళ్ళకు తెలియదనీ, తనే కొని కాపాడుకొస్తున్నాననీ మల్లేశ్వరరావు సెలవిచ్చాడు. ఇశ్రాయేలుగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. ఆ క్షణంలో మల్లేశ్వరరావుకు కలిగిన ఆనందం తువ్వాళ్ళు అమ్మినప్పుడు ఎన్నడూ కలగలేదు.

అది జరిగిన ఏడాదికి, అంటే డెబ్భై నాలుగులో, రోజులు బొత్తిగా బాగాలేవు. నూలు ధర చుక్కలనంటింది. మిల్లు బట్ట వచ్చి చేనేత నడ్డి విరగ్గొట్టింది. మల్లేశ్వరరావును నమ్ముకుని పెడన వైపు ఆడే మగ్గాల్లో సగం ఆగిపోయాయి. నేతగాళ్ళు బస్సెక్కి కొట్టు దగ్గరికొచ్చి, ఏమీ అడక్కుండా గడప పక్కన కూర్చుని, చీకటి పడే వేళకు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. అలా అడక్కుండా కూర్చునేవాళ్ళను చూస్తే ఆయనకు అన్నం సహించేది కాదు. మద్రాసు ఆర్డరు దొరికితే మగ్గాలన్నీ ఆడతాయి. దొరక్కపోతే వానలు మొదలయ్యేలోగా కొట్టుకు తాళం వెయ్యడమే. ఆ ఆర్డరు కోసం గుంటూరు వ్యాపారి ఒకడు అప్పటికే మద్రాసులో మకాం వేశాడని కూడా తెలిసింది.

సరిగ్గా అప్పుడు ఇశ్రాయేలుగారి నుంచి ట్రంకు కాల్ వచ్చింది. మేనకోడలి పెళ్ళికి గుణదల వస్తున్నాననీ, పనిలో పనిగా శాంపిళ్ళు చూసి, ఆ మైదానంలో ఒక ఆట కూడా ఆడి పోతాననీ. ఎండాకాలం నీళ్ళు లేక మైదానం మూసేశామని ఒక్క ముక్క చెప్పి ఉంటే కథ అక్కడితో ముగిసేది. కానీ ఫోనెత్తింది మల్లేశ్వరరావు కాదు, ఆయన భార్య బాలత్రిపురసుందరి. ఆవిడకు మొగుడి మీద నమ్మకం ఎక్కువ. ఆదివారం ఆదివారం చల్లపల్లి వెళ్ళి స్నేహితుల ఇంట్లో పేకాడి వచ్చే ఆ మహానుభావుడు, మైదానం చూసుకోవడానికి వెళ్తున్నానని ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాడు మరి.

"తప్పకుండా రండి అన్నయ్యగారూ. ఎండలకేం, మా మైదానం ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. మావారు వారం వారం దగ్గరుండి చూసుకుంటారు," అని చెప్పి ఆవిడ ఫోను పెట్టేసి, ఆ సంగతి మొగుడికి గర్వంగా చెప్పింది. మల్లేశ్వరరావు ఆవిడను తిట్టలేకపోయాడు. తిట్టాలంటే ముందు ఆదివారాల సంగతి చెప్పాలి.

ఇక మిగిలింది మైదానాన్ని నిజంగా కట్టడం. ఊటీలో కట్టినంత తేలిగ్గానే ఇదీ అయిపోతుందనుకున్నాడు. గుమాస్తా ఏసుపాదాన్ని పిలిచి, పొలంలో తొమ్మిది గుంటలు తవ్వించమనీ, గుంటకో జెండా పాతించమనీ పురమాయించాడు. ఏసుపాదం పదిహేనేళ్ళుగా ఆ కొట్టులో ఉన్నాడు, యజమానిని ఎందుకు అని అడిగిన పాపాన పోలేదు. చల్లపల్లి వెళ్ళి కూలీలను పెట్టాడు. ఆ ప్రాంతంలో ఆసామి పొలంలో గుంట తవ్వమంటే కొబ్బరి మొక్క కోసమే. వాళ్ళు తాతల నాటి నుంచి తవ్వుతున్నట్టే, నడుము లోతున, చతురస్రంగా, అంచులు చెక్కి తవ్వారు. అడుగున ఇసుక పోసి, చెదలు పట్టకుండా ఉప్పు కూడా చల్లారు. ఏసుపాదం వచ్చి గుంటలు దివ్యంగా వచ్చాయని చెప్పాడు. మల్లేశ్వరరావు వెళ్ళి చూడలేదు. ఇంట్లో తలుపు వేసుకుని గొడుగు తిరగేసి పట్టుకుని నిమ్మకాయను కొట్టడం సాధన చేస్తున్నాడు.

పచ్చిక సంగతి మాత్రం స్వయంగా ఆలోచించాడు. గుంట చుట్టూ నున్నటి పచ్చిక ఉంటుందనీ, దాన్ని గ్రీను అంటారనీ వరండాలో విని ఉన్నాడు. మే నెలలో కృష్ణా జిల్లాలో పచ్చిక ఎక్కడ దొరుకుతుంది? కాలవలు కట్టేసి నెలయింది, పశువులకే పరక లేదు. కానీ కొట్టులో అమ్ముడుపోని ముతక బట్ట గుట్టలుగా పడి ఉంది. బట్టల వ్యాపారికి ఇంకేం కావాలి? ఆ బట్టకు ఆకుపచ్చ రంగు వేయించాడు. గాలికి లేవకుండా అట్టలా బిగిసి ఉండేందుకు రెండింతలు గంజి పట్టించాడు. ఒక్కో గుంట చుట్టూ పరిపించి మేకులు కొట్టించాడు. దూరం నుంచి చూస్తే పచ్చిక. దగ్గర నుంచి చూసినా పచ్చగానే ఉంటుంది, కాకపోతే పోగులు కనిపిస్తాయి.

గురువారం పొద్దున కరకట్ట మీద కారు వెళ్తున్నంతసేపూ ఇశ్రాయేలుగారు తాను ఆడిన మైదానాల ముచ్చట్లు చెప్పారు. మల్లేశ్వరరావు ఆయన చెప్పిన ప్రతి మైదానానికీ ఒకటి జవాబిచ్చాడు. డ్రైవరు పక్కన కూర్చున్న ఏసుపాదం తన యజమాని ఇన్ని ఊళ్ళు ఎప్పుడు తిరిగాడా అని వేళ్ళు లెక్కపెట్టుకుని, మధ్యలో మానేశాడు.

గట్టు మీద దిగి చూసి ఇశ్రాయేలుగారు టోపీ తీసేశారు. ఎర్రటి ఎండలో, బూడిద రంగు పొలం మధ్య అక్కడక్కడా పచ్చటి చాపలు పరిచినట్టున్నాయి, ఒక్కోదాని మీద జెండా రెపరెపలాడుతోంది. "మీ ఇంట్లోవాళ్ళు చెప్పింది అక్షరాలా నిజమండీ, చుట్టూ ఎండిపోయినా మీది పచ్చగానే ఉంది," అన్నారు. అతిథి ముందు కొట్టాలని మర్యాద చేసి మల్లేశ్వరరావు పక్కకు తప్పుకున్నాడు. ఎలా నిలబడాలో చూసి నేర్చుకోవచ్చు.

ఇశ్రాయేలుగారు తమ సంచిలోంచి కర్రా బంతీ తీసి చక్కగా కొట్టారు. బంతి పైకి లేచి, వంపు తిరిగి, నేల మీద పడి, మాయమైపోయింది. ఎండాకాలంలో డెల్టా నల్లరేగడి నెర్రెలిస్తుంది. ఒక్కో నెర్రెలో చెయ్యి భుజం దాకా పడుతుంది. ఆ పొలంలో ఏసుపాదం తవ్వించిన గుంటలు తొమ్మిదే గానీ, ఎండ తవ్వినవి ఎన్నున్నాయో దేవుడికే తెలియాలి. ఏసుపాదం బోర్లా పడుకుని నెర్రెలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే మల్లేశ్వరరావుకు చెమటలు పోశాయి. అయినా నోరు ఉన్నవాడు కదా.

"చల్లపల్లి రూలు ఒకటుందండీ. నెర్రెలో పడితే గుంటలో పడ్డట్టే లెక్క."

ఇశ్రాయేలుగారు ఆ నెర్రె దగ్గరికి వెళ్ళి వంగి చూశారు. తరవాత, "అంటే ఒక్క దెబ్బకే వేశానన్నమాట. ఇరవయ్యేళ్ళుగా ఆడుతున్నాను మల్లేశ్వరరావుగారూ. ఒక్కసారి, ఒక్కసారైనా పడాలని మేరీమాతకు మొక్కుకున్నాను కూడా," అన్నారు. ఆ మొక్కు ఆ పొద్దున వరసగా మూడుసార్లు తీరింది. మూడోసారికి ఆయన తమలో ఇంత నైపుణ్యం ఉందని ఊటీలో ఎవరూ ఎందుకు గుర్తించలేదో అని చిన్నబుచ్చుకున్నారు కూడా.

మల్లేశ్వరరావు వంతు తప్పలేదు. కర్ర ఎత్తి, కళ్ళు మూసుకుని, నిమ్మకాయను తలచుకుని బలంకొద్దీ కొట్టాడు. పెద్ద మట్టిబెడ్డ లేచి గట్టు అవతల పడింది. బంతి కదల్లేదు. గాలి ఎటు వీస్తోందో చూస్తున్నానని ఆయన చెప్పాడు. అది కూడా చల్లపల్లి పద్ధతే కాబోలనుకుని ఇశ్రాయేలుగారు గౌరవంగా తల ఊపారు. ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. ఆర్డరు దాదాపు చేతిలో పడ్డట్టేనని మల్లేశ్వరరావు మనసులో నేతగాళ్ళకు నూలు కూడా పంచేశాడు.

అప్పుడు దూరపు గ్రీను మీద ఏదో నల్లగా కదిలింది. తరవాత దాని పక్కన ఇంకొకటి. పొలం పక్క పాకలో ఉండే శౌరమ్మ గేదెలవి. పాలమ్ముకుని బతికే మనిషి ఆవిడ. నెల్లాళ్ళుగా ఎండుగడ్డి తప్ప ఎరగని ఆ గేదెలకు తెల్లవారుజాము నుంచీ గాలిలో గంజి వాసన తగులుతోంది. కళ్ళ ముందేమో పచ్చగా కనిపిస్తోంది. పలుపులు తెంచుకుని వచ్చి, ఏది అందితే ఆ గ్రీను దగ్గర నిలబడి, తీరిగ్గా నములుతున్నాయి. ఒకదాని కొమ్ముకు జెండా కూడా తగులుకుంది. శౌరమ్మ చేత్తో కర్ర పట్టుకుని వెనకాలే పరిగెత్తుకొస్తోంది.

"ఏమే శౌరమ్మా, గేదెల్ని కట్టేసుకోవటం చేతకాదటే?" అని మల్లేశ్వరరావు గట్టు మీంచి అరిచాడు.

"కట్టేశానయ్యా, తెంచుకొచ్చినయ్యి. ఊళ్ళో పచ్చగడ్డి పరక లేదు. తమరేమో పొలం నిండా పచ్చగా పరిచి, పైన గంజి కూడా పోశారు. తినొద్దంటే వాటికేం తెలుస్తది?" అంది శౌరమ్మ.

ఆవిడతో వాదించే తీరిక లేదు. మల్లేశ్వరరావు పంచె ఎగగట్టి పరిగెత్తి, అన్నిటికంటే పెద్ద గేదె నోట్లో ఉన్న బట్ట కొసను రెండు చేతులా పట్టుకుని లాగాడు. గేదె కోపగించుకోలేదు. నములుతూనే ఆయన వంక ఒకసారి చూసి, తనవైపుకు కాస్త లాక్కుంది. ఆయన ఇంకా బలంగా లాగాడు. గేదె ఏమనుకుందో ఏమో, నోరు తెరిచి బట్ట వదిలేసింది. ఆయన వెనక్కు రెండడుగులు వేశాడు. మూడో అడుగు వెయ్యడానికి నేల లేదు. ఏసుపాదం దివ్యంగా వచ్చిందని చెప్పిన గుంట ఎంత లోతో ఆయనకు అప్పుడే తెలిసింది.

నడుం పట్టేసింది, లేవలేడు. గుంట అడుగున ఉప్పు మీద వెల్లకిలా పడుకుని చూస్తే ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. అంతా అయిపోయిందనుకున్నాడు. గడప పక్కన కూర్చునే నేతగాళ్ళ మొహాలు ఒక్కటొక్కటే గుర్తొచ్చాయి. వాళ్ళ కూడు తన గొప్పలకు ఖర్చైపోయిందని తోచేసరికి గుండె చెరువైంది. బుద్ధి వచ్చినవాడు నెమ్మదిగా మాట్లాడతాడంటారు గానీ, మల్లేశ్వరరావు పైకి వినపడేలా గట్టిగానే మాట్లాడాడు.

"ఇశ్రాయేలుగారూ, నన్ను క్షమించండి. ఇక్కడ మైదానం లేదు, తెల్ల ఇంజనీరూ లేడు. ఇది మా మినప చేను. నేను కలకత్తాలో ఆడలేదు. బెంగుళూరులోనూ ఆడలేదు. అసలు ఈ కర్ర పట్టుకోవడం ఇవాళే. నా మీద కోపం నేతగాళ్ళ మీద చూపించకండి, వాళ్ళ పని నిఖార్సైన పని."

ఇంత చెప్పి కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి చూస్తే గుంట అంచున వంగి చూస్తున్నది ఇశ్రాయేలుగారు కాదు, శౌరమ్మ.

"అయితే ఊటీలో కూడా ఆడ్లేదా అయ్యా?" అని అడిగింది. ఆయన పేకాట దగ్గర చెప్పే ఊటీ కబుర్లు ఆవిడ పాక దాకా వచ్చాయి.

ఆవిడా ఏసుపాదమూ కలిసి, తెగిన పలుపులు ముడేసి ఆయన్ను పైకి లాగారు. ఒళ్ళంతా ఉప్పూ మట్టీ, పంచె నిండా ఆకుపచ్చ. ఇశ్రాయేలుగారు ఇటు చూడనే లేదు. నాలుగు గుంటల అవతల నేల మీద చతికిలబడి, ఒక గేదె నమిలి పారేసిన బట్టను ఒళ్ళో పెట్టుకుని, ఎండకెత్తి చూస్తున్నారు. గేదె గంజి కోసం నాకినచోట రంగు వెలిసి తెలుపు తేలింది, నాకనిచోట చిక్కగా నిలిచింది. బట్ట మొత్తం సన్నసన్న ముడతలు పడి, ఆ ఎండకు అలాగే బిగిసిపోయింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టి సాగదీశారు, వదిలారు. ముడతలు మళ్ళీ దగ్గరికొచ్చాయి. మల్లేశ్వరరావు ఎదురుగా వెళ్ళి దోషిలా నిలబడ్డాడు.

"మల్లేశ్వరరావుగారూ, నేను చాలామంది వ్యాపారుల్ని చూశాను," అన్నారు ఇశ్రాయేలుగారు, కళ్ళు బట్ట మీంచి తియ్యకుండా. "అందరూ శాంపిళ్ళు బల్ల మీద పెట్టి చూపిస్తారు. మీరు పొలం నిండా పరిచి నన్ను వాటి మీదికి నడిపించుకొచ్చారు. ఒక్క ముక్క బేరం మాట్లాడలేదు. మేము ఆర్నెల్లుగా మిషన్ల మీద ఈ ముడత కోసమే తంటాలు పడుతున్నాం."

మల్లేశ్వరరావుకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు మాట్లాడకపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. ఇశ్రాయేలుగారు విడమరిచి చెప్పారు. అమెరికాలో కుర్రకారంతా ఇప్పుడు ఇస్త్రీ బట్ట ముట్టుకోవడం లేదట. నలిగి, వెలిసి, ఎవరో నమిలి ఊసినట్టుండే బట్ట కోసం కొట్లముందు వరసలు కడుతున్నారట. మద్రాసులో చేయిస్తే ముడతలు పడుతున్నాయి గానీ ఒక్క ఉతుకుతో పోతున్నాయి. గుంటూరాయన తెచ్చింది చూస్తే మరీ శుభ్రంగా ఉంది. దసరా నాటికి ఎంత నేయగలిగితే అంతా తమ కంపెనీయే తీసుకుంటుందనీ, మగ్గాలు చాలకపోతే ఇంకొన్ని పెట్టించమనీ, షరతు మాత్రం ఒక్కటేననీ చెప్పారు. ప్రతి తానూ అచ్చం ఇలాగే ఉండాలి.

"ఇంతకీ ఇది ఎలా చేస్తారు?"

మల్లేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. కాసేపటి కింద గుంటలో వచ్చిన బుద్ధి గుంటలోనే ఉండిపోయింది. "చేత్తో చేసేది కాదండీ. మా వైపు పాతకాలపు పద్ధతి," అన్నాడు. అందులో మొదటి ముక్క నిజమే.

వ్యాపార రహస్యం అడగడం తప్పేనని ఇశ్రాయేలుగారే నొచ్చుకుని, చెప్పనక్కర్లేదన్నారు. ఆ పనివాళ్ళు గుంటూరాయన చేతికి చిక్కకుండా చూసుకోమని మాత్రం హెచ్చరించారు. మల్లేశ్వరరావు ఉలిక్కిపడి వెనక్కు తిరిగి చూశాడు. కడుపు నిండిన గేదెల్ని ముందు పెట్టుకుని శౌరమ్మ గట్టు దిగి వెళ్ళిపోతోంది. ఆయన నడుం నొప్పి మర్చిపోయి, గుంటలు తప్పించుకుంటూ, పచ్చటి పంచెతో పరుగెత్తాడు.

"శౌరమ్మగారూ, ఒక్కసారి ఆగండి. రేపట్నించి గేదెల్ని కట్టెయ్యకండి. బట్ట నాది, గంజి నాది. మీరు దయచేసి రోజూ ఇలా తోలుకొచ్చి కాసేపు నిలబెడితే చాలు."

శౌరమ్మ ఆయన్ను ఆపాదమస్తకం చూసింది. అటు దూరంగా టోపీ పెట్టుకుని నిలబడ్డ ఇశ్రాయేలుగారిని చూసింది. తరవాత మల్లేశ్వరరావు పడ్డ గుంట వైపు కూడా ఒకసారి చూసింది. వెంటనే ఒప్పుకోలేదు. గేదెల్ని అడిగి చెబుతానంది.